మాట వినని టీనేజ్ పిల్లలు: లక్షణం, కారణం, పరిష్కారం

పిల్లలు ఎదురు తిరుగుతున్నారంటూ కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులలో చాలామంది కారణాన్ని ఇంటి దగ్గరే తేల్చుకొని వస్తారు. స్నేహితులు చెడగొట్టారని ఒకరు, ఫోన్ పాడుచేసిందని మరొకరు, తాతగారి మొండితనం వచ్చిందని ఇంకొకరు నిర్ణయించేసి, ఇక చేయవలసిందేమిటో చెప్పమంటారు. లక్షణాన్ని నిదానంగా చూడకముందే కారణం ఖాయమైపోతే, ఎన్ని ఉపాయాలు చెప్పినా అవి తగలవలసిన చోట తగలవు. అందుకే ఇక్కడ లక్షణంతోనే మొదలుపెడుతున్నాను. చేయి చేసుకోకూడదని, నలుగురిలో చిన్నబుచ్చకూడదని, కోపంలో ఉన్నవారికి హితబోధ చెవికెక్కదని చదువరులకు తెలుసుననే భావిస్తున్నాను. అవి ఇంకా అలవడని ఇంట్లో కింద రాసినవేవీ పనిచేయవు.

ముందుగా, ఏది సమస్య కాదో చూడాలి. అభిప్రాయం వేరుగా ఉండటం తిరుగుబాటు కాదు. గది తలుపు వేసుకోవడం, తల్లిదండ్రులతో కలిసి బయటికి రావడానికి ఇష్టపడకపోవడం, నిన్నటి వరకు నవ్వుతూ విన్న మాటకే ఇవాళ ముఖం ముడుచుకోవడం ఈ వయసులో సహజంగా జరిగేవే. ఇంట్లో నియమాలు తరచూ విఫలమవుతున్నా, చదువో ఆరోగ్యమో దెబ్బతింటున్నా, ఇంట్లో ఎవరైనా భయపడుతూ బతుకుతున్నా, అప్పుడే దాన్ని సమస్యగా లెక్కించాలి.

అందరూ దాటవేసే మొదటి పరీక్ష

లక్షణం: ఉదయం పూట పలకరిస్తే చాలు విసుక్కుంటారు. చిన్న మాటకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, లేదా అరుపు వస్తుంది. సాయంత్రం కాస్త కుదుటపడతారు. సెలవు రోజున మధ్యాహ్నం వరకు లేవరు. రాత్రి పదకొండు తర్వాత మాత్రం ఎక్కడలేని హుషారు వస్తుంది.

కారణం: నిద్ర చాలకపోవడం. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ప్రకటించింది. యుక్తవయసు మొదలయ్యాక నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి విడుదల కావడమే ఆలస్యమవుతుంది కాబట్టి, పెందలాడే పడుకోమన్నా వారికి నిద్ర రాదు. లేవవలసిన వేళ మాత్రం మారదు. ఆ రెండింటి నడుమ నిద్ర నలిగిపోతుంది. ఈ కారణం చేతనే పెద్ద తరగతుల పిల్లలకు బడి ఉదయం 8:30 కంటే ముందు మొదలు కాకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే సూచించింది.

"మీ అమ్మాయి ఎన్ని గంటలు నిద్రపోతోంది?" అని నేను మొదట అడిగినప్పుడు చాలామంది తల్లిదండ్రులు చిన్నబోతారు. తాము అంత పెద్ద కష్టం చెప్పుకుంటే నిద్ర గురించి అడుగుతాడేమిటని వారి బాధ. కానీ ఈ ఒక్క పరీక్ష చేయకుండా స్వభావం గురించి, పెంపకం గురించి గంటల కొద్దీ చర్చించడం వ్యర్థం. నిద్ర కరవైన పెద్దవారితోనే మాట్లాడలేం, పిల్లల సంగతి చెప్పనక్కర లేదు.

పరిష్కారం: రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ రాసి ఉంచండి. బడి ఉన్న రోజుకూ సెలవు రోజుకూ లేచే వేళలో రెండు గంటలకు మించి తేడా ఉంటే నిద్ర బాకీ పేరుకుపోయిందని అర్థం. పడుకునే వేళ గురించి పోట్లాడే కన్నా లేచే వేళను స్థిరపరచడం సులువు. సెలవు రోజున కూడా గంటకు మించి తేడా రానివ్వకండి, లేవగానే వెలుతురులోకి పంపండి. రాత్రి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, పడకగదుల బయట ఒకే చోట చార్జింగ్‌లో ఉండాలి. మార్కులు, డబ్బు, స్నేహాలు వంటి బరువైన విషయాలు ఉదయం పూట ఎత్తకండి. ఇంతమాత్రానికే సగం గొడవ చల్లారిన ఇళ్లు ఉన్నాయి. చల్లారకపోతే ముందుకు వెళ్లవచ్చు.

కొన్ని విషయాల దగ్గరే భగ్గుమంటుంటే

లక్షణం: మిగతా అంతా సవ్యంగానే ఉంటుంది. జుట్టు, బట్టలు, గది, ఎవరితో మాట్లాడుతున్నారు అనే ప్రశ్న వచ్చినప్పుడే రభస అవుతుంది.

కారణం: హద్దుల గురించిన తగాదా. ఈ వయసు పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య జరిగే వాదులాటలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త జుడిత్ స్మెటానా గమనించినదేమిటంటే, తల్లిదండ్రులు ఇంటి క్రమశిక్షణగా చూసే విషయాన్నే పిల్లలు పూర్తిగా తమ సొంత విషయంగా చూస్తారు. దొంగతనం తప్పు, ఇతరులను బాధపెట్టడం తప్పు అనే దగ్గర వారికి మీతో పేచీ ఉండదు. గది సర్దలేదన్న దగ్గరే ఉంటుంది.

పరిష్కారం: ప్రాణానికి, ఆరోగ్యానికి, చదువుకు, ఇతరుల హక్కులకు సంబంధించిన నియమాలను మాత్రం ఉంచుకొని తక్కినవి వదిలేయండి. వదిలేశామని నోటితో చెప్పండి కూడా. మౌనంగా వదిలేస్తే అది వారికి విజయంగా కనిపిస్తుంది, బాహాటంగా అప్పగిస్తే బాధ్యత అవుతుంది. జుట్టు మీద మీరు ఖర్చుపెట్టే అధికారం రేపు వాహనం నడిపే విషయంలో మీకు అవసరం పడుతుంది.

ఏదీ చెప్పకుండా దాస్తుంటే

నిఘా పెంచడం ఇక్కడ అందరికీ తోచే మందు, పనిచేయని మందు కూడా. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసినదంతా ఎక్కడి నుంచి వస్తోందని మనస్తత్వ పరిశోధకులు హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. నిఘా వల్ల, ఆరాల వల్ల తెలిసినదాని కన్నా పిల్లలు తమంతట తాము చెప్పినదే ముఖ్యమైన ఆధారమని తేలింది. కాబట్టి చూడవలసినది ఫోన్ కాదు, వారు కిందటిసారి నిజం చెప్పినప్పుడు మీరేం చేశారన్నది. నిజం చెప్పినందుకు గంటసేపు చీవాట్లు తిన్నవారు రెండోసారి చెప్పరు. చేసిన పనికి పర్యవసానం ఉండవచ్చు. తానుగా వచ్చి చెప్పినప్పుడు అది తేలికగా ఉండాలి, ఆ తేడా పిల్లలకు కనబడాలి.

ప్రతి "వద్దు" యుద్ధంగా మారుతుంటే

ఇక అసలు సంగతి. చాలా ఇళ్లలో సమస్య ఇదే. పైకి మాత్రం ఇంకేదోలా కనిపిస్తుంది, అనుభవం ఉన్న కౌన్సెలర్‌ను కూడా పక్కదారి పట్టిస్తుంది.

లక్షణం: ఏది కాదన్నా నిమిషాల్లో అరుపులు, తలుపులు బాదడం, భోజనం మానేయడం. మర్నాడు ఏమీ జరగనట్టు ఉంటారు. బడిలో, బంధువుల ఇళ్లలో, స్నేహితుల తల్లిదండ్రుల ఎదుట అదే పిల్లవాడు ఎంతో మర్యాదగా ఉంటాడు. "బయట అందరూ మెచ్చుకుంటారండీ, మా దగ్గరే ఇలా" అన్న మాట వినబడగానే నా అనుమానం ఇటే మళ్లుతుంది. సహనం లేని పిల్లవాడికి బడిలోనూ సహనం ఉండదు కదా.

కారణం: అరుపు పనిచేస్తోంది.

ఇది ఎలా జరుగుతుందో ఒక రాత్రి సన్నివేశంలో చూడండి. పది గంటలకు తల్లి ఫోన్ ఇచ్చేయమంటుంది. "ఐదు నిమిషాలమ్మా" అంటాడు కొడుకు. పది నిమిషాలయ్యాక ఆమె మళ్లీ అడుగుతుంది, ఈసారి బదులు రాదు. మూడోసారికి ఆమె గొంతు పెరుగుతుంది. "రోజూ ఇదే నస, నా మీద నీకు నమ్మకమే లేదు" అని అతని గొంతు అంతకన్నా పెరుగుతుంది. రేపటి నుంచి అసలు ఫోనే ఉండదని ఆమె, అయితే రేపు బడికే వెళ్లనని అతను. తలుపు దడాలున మూసుకుంటుంది. పక్క గదిలో నుంచి తండ్రి, "ఈ వేళప్పుడు ఈ గోలేమిటి, ఇంకో అరగంట ఉంచుకోనివ్వు, రేపు చూద్దాంలే" అంటాడు. ఇల్లు ప్రశాంతమవుతుంది.

ఆ పావుగంటలో ముగ్గురూ ఒక్కో పాఠం నేర్చుకున్నారు. మెల్లగా అడిగితే పది నిమిషాలే వచ్చాయి, తలుపు బాదితే అరగంట వచ్చిందని కొడుకు నేర్చుకున్నాడు. సడలిస్తే తక్షణం నిశ్శబ్దం దొరుకుతుందని తండ్రి నేర్చుకున్నాడు. రెండుసార్లు నెమ్మదిగా అడగడం దండగ, రేపు మొదటి మాటే గట్టిగా అనాలని తల్లి నేర్చుకుంది. ముగ్గురిలో ఎవరూ ఇది కావాలని చేయలేదు. రేపటి గొడవ మాత్రం ఇవాళ్టి కంటే పైమెట్టు నుంచి మొదలవుతుంది. ఇలా ఇరుపక్షాలూ ఒకరినొకరు బలవంతపెట్టుకుంటూ, ఎదుటివారు తగ్గడమే బహుమానంగా ముదిరే వలయాన్ని అమెరికాలోని ఆరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్, ఆయన సహచరులు ఇళ్లలోనే కూర్చొని, క్షణక్షణం నమోదు చేసి గుర్తించారు. 1982 నాటికి ఆయన దాన్ని పూర్తి సిద్ధాంతంగా వివరించారు.

"మేము ప్రతిసారీ లొంగమండీ, పదిసార్లలో ఎనిమిదిసార్లు గట్టిగానే ఉంటాం" అని తల్లిదండ్రులు అంటారు. అది నిజమే, చిక్కంతా అందులోనే ఉంది. ప్రతిసారీ ఫలితమిచ్చే అలవాటు కంటే ఎప్పుడో ఒకసారి ఫలితమిచ్చే అలవాటు మానిపించడం కష్టమని మనస్తత్వవేత్తలు బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ 1950లలోనే పావురాలతో చేసిన ప్రయోగాలలో విస్తారంగా చూపించారు. ఎనిమిదిసార్లు గట్టిగా ఉండి రెండుసార్లు సడలడం వల్ల, ఎంతసేపు పట్టుబడితే పని జరుగుతుందో పిల్లలకు అంచనా దొరుకుతుంది.

ఇంత సాధారణమైన కారణం ఎందుకు కంటబడదంటే, లొంగుబాటు ఎప్పుడూ లొంగుబాటు వేషంలో రాదు. పరీక్షల ముందు మనసు కష్టపెట్టడం ఎందుకన్న దయగా వస్తుంది. ఇంటికి చుట్టాలు వచ్చిన వేళ పరువు కాపాడుకోవడంగా వస్తుంది. తల్లి కాదన్నదాన్ని తండ్రి చాటుగా ఇప్పించడంగా, లేదా తండ్రి విధించిన శిక్షను తల్లి గుట్టుగా మాఫీ చేయడంగా వస్తుంది. ఇద్దరినీ విడివిడిగా అడిగితే ఎవరికి వారు తాము స్థిరంగానే ఉన్నామంటారు, అబద్ధమాడినట్టు కూడా కాదు. పైగా మనకు అన్న మొదటి మాట గుర్తుంటుంది, చివరికి ఏం జరిగిందన్నది గుర్తుండదు. "వద్దన్నాను" అన్నది జ్ఞాపకంలో నిలుస్తుంది, నలభై నిమిషాల తర్వాత "సరే చావు" అన్నది జారిపోతుంది.

ఇంతకన్నా కనబడనిది ఇంకొకటి ఉంది. అడిగింది ఇవ్వడం మాత్రమే లొంగడం కాదు, చెప్పిన పనిని మానుకోవడం కూడా లొంగడమే. "తిన్న పళ్లెం తీయమ్మా" అంటే కూతురు పెడసరంగా ఏదో అంటుంది. ఆ మాట విన్న తల్లి మనసు చివుక్కుమంటుంది, చర్చ మర్యాద మీదికి మళ్లుతుంది, చివరకు విసిగిపోయి పళ్లెం తల్లే తీస్తుంది. ఎదురు సమాధానం చెబితే పని తప్పుతుందన్న సంగతి అక్కడ స్థిరపడిపోయింది. ఆ పూట తల్లి ఫిర్యాదంతా మాటతీరు గురించే ఉంటుంది. పళ్లెం సంగతి ఎవరికీ గుర్తుండదు.

నిర్ధారణ: ఒక వారం పాటు, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి రాయండి. ఏం అడిగారు లేదా ఏం చేయమన్నారు. మొదటి జవాబు ఏమిటి. ఆ తర్వాత ఎవరేమన్నారు. చివరికి ఏం జరిగింది. తల్లీ తండ్రీ విడివిడిగా రాయాలి, వారం చివర పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి మూడు గడులలో పిల్లల మొండితనం కనిపిస్తుంది. నాలుగో గడిని మాత్రమే వరుసగా చదివితే ఇంటి అలవాటు కనిపిస్తుంది. అరుపు తర్వాత నిర్ణయం మారిన సందర్భం వారంలో ఒక్కటి దొరికినా కారణం దొరికినట్టే.

పరిష్కారం: "ఇక నుంచి గట్టిగా ఉంటాం" అని ప్రకటించడం పరిష్కారం కాదు, అది మూడు రోజులు నిలవదు. మొదట తగ్గించవలసినది మీ "వద్దు"ల సంఖ్య. ఏదైనా అడిగితే వెంటనే కాదనకుండా "అరగంటలో చెబుతాను" అనండి. ఆ అరగంటలో ఇద్దరూ మాట్లాడుకోండి. చివరకు ఒప్పుకోబోయేదైతే ముందే ఒప్పుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎవరు ఎంత అరిచినా నిలబడగలమని ఇద్దరికీ నమ్మకం ఉన్నప్పుడే కాదనండి.

తర్వాత ఒకే ఒక్క నియమాన్ని ఎంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైనదాన్ని కాదు, మీరు అన్నిటికన్నా సులువుగా నిలబెట్టగలిగినదాన్ని. గొడవ లేని రోజున పిల్లలకు దాన్ని చెప్పండి. గొంతు పెరిగాక ఏ నిర్ణయమూ ఆ రోజు మారదని, మర్నాడు నెమ్మదిగా వచ్చి మాట్లాడితే మారవచ్చునని స్పష్టంగా చెప్పండి. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే మీరు చేస్తున్నది ఒక దారి మూసి ఇంకో దారి తెరవకపోవడమే అవుతుంది. కొడుకు మర్నాడు వచ్చి, "శనివారం మాత్రం పదకొండు దాకా ఉంచుకుంటాను, మిగతా రోజులు పదికే ఇచ్చేస్తాను" అంటే, అందులో న్యాయం ఉంటే, నిజంగా ఒప్పుకోండి. నెమ్మదిగా అడిగినందువల్ల పని జరిగిన అనుభవం వారికి దొరకాలి. 1960లలో మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ వివరించిన పెంపకపు ధోరణులలో పిల్లలకు అనుకూలంగా కనిపించినది కఠినమైనదీ కాదు, ఉదారమైనదీ కాదు. స్థిరమైన హద్దులతో పాటు పిల్లల వాదనను వినే ఓపిక కూడా ఉన్నది.

గొడవ జరుగుతున్న వేళ మీ మాటలు పొదుపుగా ఉండాలి. "నీకు కోపం వచ్చిందని తెలుస్తోంది. ఇవాళ్టికి ఇంతే. రేపు మాట్లాడదాం." అంతటితో ఆ గది నుంచి బయటికి రండి. వివరణ, పోలిక, గతేడాది సంగతులు, మీ చిన్నప్పటి కష్టాలు అన్నీ వాదనకు కొత్త కొసలు అందిస్తాయి.

శిక్ష చిన్నదిగా, తప్పకుండా అమలయ్యేదిగా ఉండాలి. నెల రోజులు ఫోన్ లేదని కోపంలో అన్న తండ్రి నాలుగో రోజు తిరిగి ఇస్తాడు, ఎందుకంటే బడి పనులకు అది కావాలి, ఇంటివాళ్లకూ ఇబ్బందిగా ఉంటుంది. అలా ఇవ్వడం కూడా నాలుగో గడిలో రాయవలసిన లొంగుబాటే. ఒక్క సాయంత్రం తీసుకొని మర్నాడు చెప్పిన వేళకు తిరిగి ఇచ్చేయడం నెల రోజుల బెదిరింపు కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇక అందరూ బోల్తాపడే మలుపు. మీరు స్థిరంగా ఉండటం మొదలుపెట్టిన మొదటి వారం, రెండు వారాల్లో గొడవ తగ్గదు, పెరుగుతుంది. లిఫ్టు బటన్ పనిచేయకపోతే దాన్ని వదిలేసే ముందు మనం నాలుగుసార్లు గట్టిగా నొక్కినట్టే, ఇన్నాళ్లు పనిచేసిన అరుపు పనిచేయకపోయేసరికి పిల్లలు దాన్ని ఇంకా పెంచి చూస్తారు. సరిగ్గా ఇక్కడే తల్లిదండ్రులు "ఈ పద్ధతి మా వాడికి పడలేదు" అని వదిలేస్తారు. అలా వదిలేస్తే, ఇదివరకు తలుపు బాదడం దగ్గర దొరికినది ఇప్పుడు గ్లాసు పగలగొట్టడం దగ్గర దొరుకుతుందని నేర్పినట్టవుతుంది. అందుకే ఇంట్లో చుట్టాలున్న వారంలో, పరీక్షల ముందు, మీలో ఒకరు ఊళ్లో లేనప్పుడు దీన్ని మొదలుపెట్టవద్దు. అసలు మొదలుపెట్టకపోయినా నష్టం లేదు, సగంలో వదిలితే మాత్రం పరిస్థితి ఇప్పటికంటే చెడుతుంది. అయితే మనుషుల మీద చేయి చేసుకోవడం, తనకు తాను హాని చేసుకోవడం వంటివి ఎదురైతే నియమాన్ని పక్కన పెట్టండి. ముందు అందరి భద్రత చూసి, తర్వాత నిపుణుల సాయం తీసుకోండి.

కొద్ది వారాల్లోనే మనిషి మారిపోతే

పైన చెప్పినదంతా నెలలు, ఏళ్లుగా సాగుతున్న గొడవలకు. ఇటీవలి వరకు బాగున్న పిల్ల రెండు వారాలకు పైగా చిరాకుగా, ముభావంగా ఉంటూ, స్నేహితులకు దూరమై, ఇష్టమైన ఆటపాటలు మానేసి, తిండి, నిద్ర తప్పితే దాన్ని తిరుగుబాటుగా లెక్కించకండి. ఈ వయసులో డిప్రెషన్ దిగులుగానే కాక చిరచిరగా కూడా బయటపడుతుంది. నియమాలు బిగించకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర లేదు, అలా జరగదు. ఔనన్నా, అలాంటి మాట ఎక్కడ విన్నా, ఆ రోజే వైద్యసాయం అందాలి, పిల్లను ఒంటరిగా వదలకూడదు. ఎవరైనా వేధిస్తున్నారా, బెదిరిస్తున్నారా అన్నది కూడా ఇక్కడే అడగాలి.

అరుదైనవి

థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల చిరాకు రావచ్చు. చేతులు వణకడం, గుండె దడ, బరువు తగ్గడం తోడైతే రక్తపరీక్ష చేయించండి, లేకపోతే దాని వెంట పడనక్కర లేదు. ఇంటర్నెట్‌లో చదివి పిల్లలకు మానసిక వ్యాధుల పేర్లు తగిలించవద్దు. ఎదిరింపు ధోరణిని రుగ్మతగా గుర్తించాలంటే కనీసం 6 నెలల పాటు కనిపించాలి, ఆ నిర్ణయం నిపుణులు చేయవలసినది. హార్మోన్ల వల్లేనంటారా, కావచ్చు. దానితో మీరు చేయగలిగిందేమీ లేదు. చెడు సావాసం అన్నది చాలా సందర్భాల్లో కారణం కాదు, ఇంట్లో పొసగని పిల్లలు చేరుకున్న చోటు. మాదకద్రవ్యాల ఆనవాళ్లు నిజంగా కనిపిస్తే మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు.

నిద్ర సరిచేసి, ఒక నియమం మీద ఇద్దరూ ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలబడ్డాక కూడా మార్పు కనబడకపోతే కుటుంబ కౌన్సెలర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు పిల్లవాడి తప్పుల చిట్టా కాకుండా ఆ నోటుపుస్తకం తీసుకువెళ్లండి, తల్లిదీ తండ్రిదీ రెండూ.